డబ్బా మీది రంగు చెప్పని సంగతి: పురుగుమందు నేలలో, బోరునీళ్ళలో ఎన్నాళ్ళుంటుంది?

క్లుప్తంగా

పురుగుమందు డబ్బా మీద ఉండే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తు ఆ మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతే ఎంత ప్రమాదమో మాత్రమే చెప్తుంది. అది చేన్లో ఎన్నాళ్ళుంటుంది, బోర్లోకి దిగుతుందా, గొడ్ల పాలల్లోకి వస్తుందా అనేది వేరే లెక్క, ఆ లెక్కకు డబ్బా మీద రంగు లేదు. ఈ రెండో లెక్క మందు అణువు కట్టుబడి మీద, నేల మీద, నీళ్ళ మీద నడుస్తుంది, అందుకే ఒకే మందు అనంతపురం ఎర్రనేలలో ఒక తీరుగా, ఆదోని నల్లరేగడిలో ఇంకో తీరుగా ఉంటుంది.

గందరగోళం ఎక్కడ మొదలైంది

శెనక్కాయ విత్తే కాలం వస్తే అనంతపురం జిల్లాలో ఏ మందుల అంగడికి పోయినా క్లోరోపైరిఫాస్ డబ్బా కనిపిస్తుంది. వేరుపురుగుకు, చెదలకు దశాబ్దాలుగా వాడుతున్న మందు, విత్తనానికి పట్టిస్తారు, భూమిలో వేస్తారు, ఇల్లు కట్టేటప్పుడు చెదలు రాకుండా పునాదుల్లో కూడా పోస్తారు. దాని గుర్తు పసుపు. 2025లో జెనీవాలో జరిగిన, ఏళ్ళ తరబడి నిలిచే విషాలను ఆపడానికి దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం సమావేశంలో ఈ మందును, కొన్ని వాడకాలకు మినహాయింపులు ఇస్తూనే, ప్రపంచం మొత్తం మీద తీసెయ్యాల్సిన రసాయనాల జాబితాలో చేర్చారు. ఎండోసల్ఫాన్, లిండేన్ ఉన్న జాబితా అది.

ఇక్కడే చాలామందికి లెక్క కుదరట్లేదు. ఎర్ర గుర్తున్న మోనోక్రోటోఫాస్ ఆ జాబితాలో లేదు, 2013లో బీహార్‌లో ఛప్రా దగ్గర బడి భోజనంలో కలిసి 23 మంది పిల్లల ప్రాణం తీసింది ఆ మందే కదా, మరి దాన్ని వదిలేసి పసుపు డబ్బాను పట్టుకోవడం ఏంటి అని అడుగుతున్నారు. ప్రశ్న న్యాయమైందే. జవాబు ఏంటంటే, ఆ జాబితా కొలిచేది చంపే గుణం ఒక్కటే కాదు, నిలిచే గుణాన్ని కూడా, ఆ రెండూ ఒకటి కావు. మోనోక్రోటోఫాస్ లాంటి వాటికి రోటర్‌డామ్ ఒప్పందం అని వేరేది ఉంది, ప్రమాదకర రసాయనాలను పంపే ముందు కొనే దేశం ఒప్పుకోలు తీసుకోవాలనేది, దాంట్లో అది ఉంది. మన దేశంలో కూరగాయల మీద దాని వాడకాన్ని 2005లోనే ఆపేశారు.

రంగు దేన్ని కొలుస్తుంది

1971 నాటి పురుగుమందుల నియమాల ప్రకారం డబ్బా మీద వజ్రం ఆకారంలో గుర్తు ఉండాలి, దాని కింది సగంలో రంగు వెయ్యాలి. ఆ రంగుకు ఆధారం ఎల్‌డీ50 అనే అంకె, అంటే ప్రయోగం చేసిన ఎలుకల్లో సగం చనిపోవడానికి వాటి బరువులో కిలోకు ఎన్ని మిల్లీగ్రాముల మందు పట్టింది అని. 50 లోపైతే ఎరుపు, 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5,000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. అంకె తగ్గేకొద్దీ విషం ఎక్కువ అన్నమాట.

ఈ గుర్తు పనికిరానిదేం కాదు. మందు కలిపే మనిషికి, కొట్టే కూలీకి ఆ రోజు ఆ గంటలో ఉన్న ముప్పు ఎంతో అది సూటిగా చెప్తుంది, గ్లౌజులూ మాస్కూ ఎందుకు కావాలో చెప్తుంది. కానీ ఆ ఎలుక ప్రయోగంలో మట్టి లేదు, వాన లేదు, పదేళ్ళ కాలం లేదు. మొక్కజొన్నలో కలుపుకు కొట్టే అట్రాజిన్‌నే చూడండి, నంద్యాల వైపు మొక్కజొన్న వేసే రైతులకు బాగా తెలిసిన మందు, ఎల్‌డీ50 1,800 పైనే ఉంటుంది కాబట్టి నీలం లెక్కలోకి వస్తుంది, చూడ్డానికి సాధువు. యూరప్ వాళ్ళు దాన్ని ఆపేసింది మాత్రం మనుషుల్ని చంపుతుందని కాదు, భూగర్భ జలాల్లో పదేపదే దొరుకుతోందని. అక్కడ తాగునీళ్ళలో ఏ పురుగుమందైనా లీటరుకు 0.1 మైక్రోగ్రాము దాటకూడదు, అట్రాజిన్ ఆ గీత లోపల ఉండలేకపోయింది.

నిలిచే గుణం అణువులోనే ఉంటుంది

పురుగుమందులు చాలావరకు కర్బన సమ్మేళనాలే, కార్బన్ అస్థిపంజరానికి అక్కడక్కడా క్లోరిన్, భాస్వరం, నత్రజని లాంటివి తగిలించి చేసినవి. మట్టిలో సూక్ష్మజీవులు తినాలన్నా, నీళ్ళు విరగ్గొట్టాలన్నా అణువులో ఎక్కడో ఒకచోట పట్టు దొరకాలి. అన్నం మెతుకును, చెక్కను, పేడను విరగ్గొట్టే ఎంజైములు కోట్ల ఏళ్ళుగా తయారై ఉన్నాయి గానీ బెంజీన్ వలయానికి, అంటే ఆరు కార్బన్ల గుండ్రని కట్టుకు, అతుక్కున్న క్లోరిన్‌ను పీకే ఎంజైము మన చేన్లోని సూక్ష్మజీవుల దగ్గర చాలా అరుదు.

డీడీటీ కథ దీనికి మొదటి పాఠం. 1874లోనే తయారుచేశారు, పురుగుల్ని చంపుతుందని 1939లో పాల్ ముల్లర్ కనిపెట్టాడు, 1948లో ఆయనకు నోబెల్ కూడా ఇచ్చారు. ఆ అణువులో రెండు వలయాలు, ఐదు క్లోరిన్లు, నీళ్ళలో దాదాపు కరగదు, నేలలో సగం తరగడానికే రెండేళ్ళ నుంచి 15 ఏళ్ళ దాకా పడుతుంది. పైగా అది విరిగి తయారయ్యే డీడీఈ అసలు దానికంటే మొండిది. మన దేశంలో సేద్యానికి డీడీటీని 1989లో ఆపారు, దోమల మందుగా మాత్రం ఆ తర్వాత కూడా వాడారు. పాతతరం వాళ్ళు గమాక్సిన్ పొడి అనే బీహెచ్‌సీ కూడా ఈ కుటుంబమే, దాన్ని 1997లో ఆపారు.

మోనోక్రోటోఫాస్ కట్టుబడి దీనికి పూర్తిగా తిరగబడింది. దాంట్లో భాస్వరం-ఆక్సిజన్ బంధం ఉంటుంది, అది కీటకం నరాల్లో ఒక ఎంజైమును పట్టుకుని కదలకుండా చేస్తుంది, మనిషి నరాల్లోనూ అదే ఎంజైము ఉంది కాబట్టి మనిషికీ అంతే ప్రమాదం. అయితే ఆ బంధమే దాని బలహీనత కూడా, నేలలో సూక్ష్మజీవులు దాన్ని కొన్ని రోజుల్లోనే తెంచేస్తాయి. అంటే విషం కావడానికీ తొందరగా పోవడానికీ కారణం ఒకటే బంధం. ఎరుపు గుర్తు మందు పంట కాలం కూడా నిలవకపోవచ్చు, ప్రమాదం తక్కువని చూపే రంగున్న మందు మనవళ్ళ కాలం దాకా ఉండొచ్చు, రెండు కొలతలూ ఎందుకు విడిపోతాయో ఇక్కడ తెలుస్తుంది.

క్లోరోపైరిఫాస్ ఈ రెండింటికీ మధ్యలో ఇరుక్కుంది. ఒక పక్క తెగే భాస్వరం బంధం, ఇంకో పక్క మూడు క్లోరిన్లున్న పిరిడిన్ వలయం, అంటే ఒక నత్రజని ఉన్న గుండ్రని కట్టు. భాస్వరం వైపు తెగితే చంపే గుణం పోతుంది, మిగిలిన మూడు క్లోరిన్ల ముక్క నీళ్ళలో ఇంకా బాగా కరుగుతుంది, కిందికి జారుతుంది. మామూలు పంట మోతాదులో వారాల నుంచి నెలల్లో తగ్గిపోయే ఈ మందు, పునాదుల్లో చెదలకు పోసే భారీ మోతాదులో ఏడాది దాటి కూడా ఉంటుంది, అంత గాఢతలో దాన్ని విరగ్గొట్టాల్సిన సూక్ష్మజీవులే దెబ్బతింటాయి కాబట్టి.

ఇంకో సంగతి. మందు పోయింది అని రిపోర్టులో ఉంటే అసలు మందు పోయిందనే అర్థం, ముక్కలు కూడా పోయాయని కాదు. ఎండోసల్ఫాన్ నేలలో ఆక్సిజన్ పట్టుకుని ఎండోసల్ఫాన్ సల్ఫేట్ అవుతుంది, విషంలో అసలు దానికి తీసిపోదు, ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. కేరళ కాసర్‌గోడ్‌లో జీడిమామిడి తోటల మీద హెలికాప్టర్లతో ఏళ్ళ తరబడి చల్లిన తర్వాత జనం ఆరోగ్యం ఏమైందో దేశమంతా చూసింది, 2011 మేలో సుప్రీంకోర్టు దాన్ని ఆపించింది, అదే ఏడాది స్టాక్‌హోమ్ జాబితాలోకీ ఎక్కింది.

ఎర్రనేల, నల్లరేగడి, సున్నపురాయి

అణువు ఎంత ముఖ్యమో అది పడే నేల అంత ముఖ్యం, రాయలసీమలో ఈ తేడా జిల్లా దాటకముందే కనిపిస్తుంది. మందు అణువును నేలలో పట్టి ఉంచేది ముఖ్యంగా సేంద్రియ పదార్థం, అంటే కుళ్ళిన ఆకు, పేడ, వేరు. రసాయన శాస్త్రవేత్తలు ఒక్కో మందు సేంద్రియ కార్బన్‌కు ఎంత గట్టిగా అతుక్కుంటుందో ఒక అంకెలో కొలుస్తారు. క్లోరోపైరిఫాస్‌కు ఆ అంకె వేలల్లో ఉంటుంది, సుమారు 6,000 అనుకుందాం. శెనక్కాయ, పత్తి విత్తనాలకు పట్టించే ఇమిడాక్లోప్రిడ్‌కు సుమారు 225. అనంతపురం ఎర్ర గరుసు నేలల్లో సేంద్రియ కార్బన్ చాలాచోట్ల అర శాతం కూడా ఉండదు. 0.4 శాతం అనుకుని గుణిస్తే మొదటి మందుకు 24 వస్తుంది, రెండో దానికి 0.9. అంటే నేల నీటిలో ఒక వంతు ఉన్నప్పుడు మట్టిని పట్టుకుని మొదటిది 24 వంతులుంటుంది, రెండోది ఒక వంతు కూడా ఉండదు. పశువుల ఎరువు, చెరువు మట్టి తోలి ఆ కార్బన్‌ను 0.8కి తెస్తే పట్టు రెండింతలవుతుంది. చెరువు మట్టి తోలడం పంట బలానికే అనుకుంటాం గానీ బోరుకు కూడా అది కాపలాయే.

మందు కిందికి దిగుతుందా లేదా అని అంచనా కట్టడానికి 1989లో గుస్టాఫ్‌సన్ అనే ఆయన ఒక సులువైన లెక్క ఇచ్చాడు, నేలలో ఎన్ని రోజులుంటుంది, ఎంత గట్టిగా అతుక్కుంటుంది అనే రెండింటినీ కలిపి ఒక స్కోరు. 2.8 దాటితే దిగే మందు, 1.8 లోపైతే దిగదు. క్లోరోపైరిఫాస్‌కు ఒకటి కూడా రాదు. ఇమిడాక్లోప్రిడ్‌కు 3.7 దాకా వస్తుంది, అట్రాజిన్‌దీ మూడు పైనే. మోనోక్రోటోఫాస్ నీళ్ళలో ఎంతైనా కరుగుతుంది కానీ తొందరగా విరిగిపోతుంది కాబట్టి మధ్యలో నిలబడుతుంది.

దిగదు అంటే కదలదు అని కాదు. మట్టిని పట్టుకున్న క్లోరోపైరిఫాస్ గట్టి వాన పడితే ఆ మట్టితో పాటే వంకలోకి, కుంటలోకి పోతుంది, చేపలకూ రొయ్య జాతి ప్రాణులకూ అది అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. సీమలో వాన ఏడాదంతా కొద్దికొద్దిగా పడేది కాదు, అనంతపురంలో సగటు 550 మిల్లీమీటర్ల దరిదాపు, అదీ కొన్ని గట్టి వానల్లోనే వచ్చేస్తుంది, కాబట్టి పైమట్టి కొట్టుకుపోయే దారి ఇక్కడ చిన్నది కాదు.

ఆదోని, నంద్యాల వైపు నల్లరేగడిలో బంకమట్టి ఎక్కువ, మందును బాగానే పట్టుకుంటుంది. పారాక్వాట్ అనే కలుపుమందుకు ధనావేశం ఉంటుంది, బంకమట్టి పొరలకు రుణావేశం, అందుకని అది పొరల మధ్యకు దూరి ఏళ్ళ తరబడి కదలకుండా, మొక్కకు అందకుండా ఉండిపోతుంది. నిలవడమే ప్రమాదం అని సూత్రం గీసుకుంటే పారాక్వాట్ దగ్గర అది తప్పుతుంది, మట్టిలో బందీ అయినంతవరకు దాని ముప్పు తక్కువ, డబ్బాలో ఉన్నప్పుడు మాత్రం దానికి విరుగుడే లేదు. నల్లరేగడికి ఇంకో గుణం కూడా ఉంది, ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది, తొలకరి వాన ఆ నెర్రెల్లోంచి నేరుగా కిందికి పోతే మట్టి వడపోత జరగనే జరగదు.

సున్నపురాయి ప్రాంతం దీనికంటే సూటి దారి. కొలిమిగుండ్ల దగ్గర మూడు కిలోమీటర్ల పైన పొడవున్న బెలుం గుహలు నీళ్ళు రాయిని కరిగించుకుంటూ పోయిన దారులే. కడప జిల్లా, నంద్యాల జిల్లాల్లో నాపరాయి, సున్నపురాయి ఉన్నచోట్ల భూమి కింద అట్లాంటి చిన్నాపెద్దా సందులుంటాయి, పైన కలిసింది కింద తేలడానికి ఎక్కువ కాలం పట్టదు.

బోరునీళ్ళు ట్యాంకులోనే మందును విరగ్గొడతాయి

రైతుకు నేరుగా డబ్బు పోయే చోటు ఇది, అయినా దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. సీమలో బోరునీళ్ళు ఎక్కువగా క్షారం వైపు ఉంటాయి, పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7 దాటితే క్షారం) 8 దాటిన బోర్లు అరుదు కాదు. భాస్వరం ఉన్న మందుల్ని క్షారం విరగ్గొడుతుంది. మలాథియాన్ పీహెచ్ 5 నీళ్ళలో సగం కావడానికి వంద రోజుల పైన పడుతుంది, పీహెచ్ 7లో ఆరు రోజులు, పీహెచ్ 9లో సగం రోజే. పొద్దున కలిపి గాలి ఎక్కువుందని సాయంత్రం దాకా ఆపి కొడితే ట్యాంకులో ఉన్నది సగం మందే కావొచ్చు. అప్పుడు పురుగు చావదు, మందు నకిలీదని అంగడాయనతో గొడవ, మళ్ళీ మోతాదు పెంచి కొట్టడం, పురుగుకు తట్టుకునే శక్తి పెరగడం, ఇట్లా నడుస్తుంది. నకిలీ మందులు లేవని కాదు, కానీ ప్రతి వైఫల్యమూ నకిలీ వల్ల కాదు.

కలుపుమందు గ్లైఫోసేట్‌ది ఇంకో తీరు, కఠిన జలంలోని కాల్షియం దాన్ని పట్టేసుకుంటుంది, మొక్కలోకి సరిగా పోనివ్వదు. ఇమిడాక్లోప్రిడ్ మాత్రం ఈ క్షారానికి పెద్దగా లొంగదు, కాబట్టి క్షారం మనకు మేలే కదా, మందుల్ని శుభ్రం చేస్తుంది కదా అని అన్నింటికీ కలిపి అనుకోవడానికి లేదు.

గొడ్డు, పాలు, కొవ్వు

మందు కొవ్వులోకి పోతుందా నీళ్ళలోకి పోతుందా అని చూడ్డానికి ల్యాబుల్లో ఆక్టనాల్ అనే నూనెలాంటి ద్రవాన్ని నీళ్ళతో కలిపి దాంట్లో మందు వేసి చూస్తారు. డీడీటీ నీళ్ళలో ఒక వంతుంటే ఆక్టనాల్‌లో పది లక్షల వంతులకు పైనే చేరుతుంది. క్లోరోపైరిఫాస్ 50 వేల దరిదాపు. ఇమిడాక్లోప్రిడ్ నాలుగు వంతులే. సీమలో శెనక్కాయ కట్టె గొడ్లకు ముఖ్యమైన మేత, దాని మీద ఉన్నది గొడ్డు కొవ్వులో చేరుతుంది, కొవ్వు నుంచి పాలలోకి వస్తుంది, పాలు నెయ్యి అయ్యేకొద్దీ గాఢత పెరుగుతుంది. ఒంట్లో విరిగిపోయే మందైతే ఈ మెట్లు ఎక్కదు, డీడీఈ లాంటి విరగనిది ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. తల్లిపాలల్లో డీడీటీ ముక్కలు ప్రపంచంలో చాలాచోట్ల దొరకడానికి కారణం ఇదే.

క్లోరోపైరిఫాస్ మీద పెద్ద ఆందోళన ఈ కొవ్వు ఒక్కటే కాదు, పెరిగే పిల్లల మెదడు. 2019లో యూరప్ ఆహార భద్రతా సంస్థ దీనికి సురక్షితమైన మోతాదు అని ఒక గీత గీయలేమని చెప్పింది, 2020లో అక్కడ అనుమతి ఆగిపోయింది. అమెరికాలో 2021లో ఆహార పంటల మీద ఆపారు, 2023లో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. చల్లదేశాల్లో, ఆర్కిటిక్ మంచులో కూడా ఈ మందు దొరకడం స్టాక్‌హోమ్ జాబితాకు ఇంకో ఆధారమైంది, వేడి ప్రాంతాల్లో ఆవిరై గాలితో పోయి చలి తగిలిన చోట దిగడం ఇట్లాంటి అణువుల అలవాటు.

ఇంత తక్కువ మందును ఎట్లా పట్టుకుంటారు

లీటరు నీళ్ళలో ఒక మైక్రోగ్రాము అంటే ఒక పీపీబీ (వంద కోట్లలో ఒక వంతు), వెయ్యి టన్నుల నీళ్ళలో ఒక గ్రాము. అంత చిన్నదాన్ని పట్టడానికి ముందు దాన్ని మిగతా చెత్త నుంచి విడదీయాలి. 2003లో వచ్చిన క్వెచర్స్ అనే పద్ధతి ఈ పనిని బాగా సులువు చేసింది, టమాటానో మిరపకాయనో నూరి అసిటోనైట్రైల్ పోసి, ఉప్పులు వేసి ఊపితే నీళ్ళు ఒక పక్క, మందు ఉన్న ద్రావకం ఒక పక్క విడిపోతాయి. ఆ ద్రావకాన్ని కలిసిన పదార్థాల్ని వేరుచేసే క్రోమటోగ్రఫీ గొట్టంలోంచి పంపి, చివర మాస్ స్పెక్ట్రోమీటర్‌లో అణువును ముక్కలు చేసి, ముక్కల బరువుల్ని బట్టి ఇది ఫలానా మందు అని గుర్తుపడతారు, వేలిముద్ర లాగా.

ఊర్లో చేయించే మామూలు నీళ్ళ టెస్టులో ఇదేమీ ఉండదు. టీడీఎస్, ఫ్లోరైడ్, కాఠిన్యం, నైట్రేట్ వరకే చూస్తారు, ఆ రిపోర్టు బాగుందంటే పురుగుమందు లేదని అర్థం కాదు. ఫ్లోరైడ్ భయంతో ఆర్వో ప్లాంటు పెట్టుకున్న ఊర్లలో దాంట్లో ఉండే కార్బన్ ఫిల్టర్ ఈ కర్బన అణువుల్ని చాలావరకు పట్టుకుంటుంది, అయితే కార్బన్ నిండిపోయాక పట్టదు, నీళ్ళు రుచిగానే వస్తుంటాయి కాబట్టి మార్చాల్సిన సమయం ఎవరికీ తెలియదు. కాచి తాగితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఆవిరి కాని మందు పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ కొంచెం చిక్కబడుతుంది.

ముందు ఏం జరగొచ్చు

ఇంతకుముందు జరిగిన మార్పుల్ని వరసగా చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. నిలిచే గుణం ఎక్కువైన గమాక్సిన్, డీడీటీ పోయి తొందరగా విరిగే భాస్వరం మందులు వచ్చాయి, నేలకు కొంత మేలైంది, కొట్టే కూలీకి ముప్పు పెరిగింది. ఆ ముప్పు తగ్గించడానికి కీటకం నరాన్ని ఎక్కువగా, మనిషి నరాన్ని తక్కువగా పట్టే ఇమిడాక్లోప్రిడ్ లాంటివి వచ్చాయి, కూలీకి మేలైంది, ముప్పు తేనెటీగలకు, భూగర్భ నీళ్ళకు మళ్ళింది. ఇప్పుడు క్లోరోపైరిఫాస్ తగ్గేకొద్దీ శెనక్కాయలో వేరుపురుగుకు, చెదలకు ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ వాడకం పెరిగే అవకాశమే ఎక్కువ. ఫిప్రోనిల్ విరిగి సల్ఫోన్ అవుతుంది, అది అసలు దానికంటే ఎక్కువ కాలం నిలిచే రకం, ఎండోసల్ఫాన్ దగ్గర చూసిన కథే. వేరుపురుగు మీద మెటారైజియం అనే శిలీంధ్రం పనిచేస్తుంది, పశువుల ఎరువులో పెంచి దుక్కిలో వెయ్యొచ్చు, కానీ దానికి నేలలో తేమ కావాలి, అనంతపురంలో కరువయ్యేదే అది.

తాగునీళ్ళకు మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. దాని 2012 ప్రతిలో పురుగుమందులకు ప్రత్యేకంగా గీతలు గీసిన పట్టిక ఉంది, డీడీటీకి లీటరుకు 1 మైక్రోగ్రాము, ఎండోసల్ఫాన్‌కు 0.4, అట్రాజిన్‌కు 2, మోనోక్రోటోఫాస్‌కు 1, క్లోరోపైరిఫాస్‌కు 30, ఇట్లా 18 పేర్లు. బోర్లోకి దిగే స్కోరు 3.7 ఉన్న ఇమిడాక్లోప్రిడ్ పేరు ఆ 18లో లేదు, ఫిప్రోనిల్ పేరు కూడా లేదు.